మల్లుగుడ్డలో నాలుగు వాల్వులు

ఈమధ్య మా అరకులో స్టేషన్ రోడ్డు మీద కొత్తగా ఒక కాఫీ హోటలు వెలిసింది. అద్దాల గది, తోలు సోఫాలు, గోడ నిండా థింసా ఆడుతున్న ఆడవాళ్ళ బొమ్మ. ఈ కొండల్లో పండిన గింజల్ని పట్నం పంపించి, వేయించి, మళ్ళీ ఇక్కడికే తెచ్చి మాకే పోస్తున్నారు. సరే, ఎవరి తంటాలు వాళ్ళవి. ఒకరోజు బట్టల కొట్టు కట్టేసి ఇంటికి పోతూ నేనూ లోపలికి వెళ్ళాను. మూల బల్ల మీద ఒక యాంప్లిఫయర్ ఉంది. దాని నెత్తిన, పాతకాలం రేడియోల్లో ఉండేలాంటి నాలుగు గాజు వాల్వులు నారింజరంగులో వెలిగిపోతున్నాయి. చూడగానే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

హోటలాయన మురిసిపోతూ దగ్గరికొచ్చాడు. "వాల్వు సౌండండీ. ఈ రోజుల్లో ఎక్కడా దొరకదు," అన్నాడు.

నేను కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాను. ఒక్కో వాల్వు అడుగున ఒక బుల్లి దీపం అమర్చారు. వెలుగంతా ఆ దీపానిది. వాల్వు సొంత వెలుగు ఎక్కడో లోపల, అగరొత్తి కొసన ఉన్నంత ఉంది.

"కింద ఆ దీపాలెందుకండీ?" అన్నాను.

"అవి లేకపోతే ఇవి వాల్వులని జనానికి తెలియదు కదండీ," అన్నాడాయన.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే మా పక్కకొట్టు మేష్టారు గుర్తొచ్చాడు. ఆయన గుర్తొస్తే నేను ఎక్కువసేపు నవ్వలేను. దానికో కారణం ఉంది, చెబుతాను.

మేష్టారు ఏ బళ్ళోనూ పాఠం చెప్పినవాడు కాదు. కళ్ళద్దాలు పెట్టుకుని ఎదుటివాణ్ణి కసిరే మనిషిని మా బజార్లో మేష్టారు అంటారు, అంతే. రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాడు. ఆయన కొట్టుకీ నా కొట్టుకీ మధ్య గోడ లేదు, చెక్కపలకల అడ్డు ఒకటి ఉండేది. ఆ పలకల సందుల్లోంచి ఆయన సంగీతమూ ఆయన సణుగుడూ పదిహేనేళ్ళకి పైగా నా చెవిలో పడ్డాయి. చీర బేరం మధ్యలో ఆపి ఆడవాళ్ళు అటు చెవి పెట్టడం, నేను పలక మీద దబదబా బాదడం, ఆయన శబ్దం ఇంకాస్త పెంచడం, ఇలా గడిచేది మా రోజు.

ఈ కొండల మీదికి ఎందుకొచ్చాడో నాకు సరిగ్గా తెలియదు. అడిగినప్పుడల్లా ఒక్కో కారణం చెప్పేవాడు. ఒకసారి ఆయాసానికి గాలి మార్పు అన్నాడు. ఇంకోసారి అన్నదమ్ములతో పడలేదన్నాడు. మూడోసారి, "కింద ఓల్టేజీ బాగుండదండి," అన్నాడు. అరకు కరెంటు సంగతి తెలిసిన నేను ఆ మాట తలుచుకుని మూడు రోజులు నవ్వుకున్నాను.

చలికాలమూ ఎండాకాలమూ ఒకటే మెరూన్ రంగు మఫ్లరు, చెవులు కప్పి గడ్డం కింద ముడి. ఏదైనా వినాల్సి వస్తే ఆ ముడి విప్పి, మఫ్లరు నాలుగు మడతలు పెట్టి, ఒళ్ళో పెట్టుకుని అప్పుడు వినేవాడు. మనం ఏదన్నా చెబుతున్నప్పుడు మఫ్లరు విప్పలేదంటే మన మాటకి ఆయన దగ్గర విలువ లేదని అర్థం. నేను చెప్పిన ఏ మాటకీ ఆయన మఫ్లరు విప్పిన జ్ఞాపకం నాకు లేదు.

చేతికి వాల్వు వస్తే మాత్రం చూడాలి ఆయన్ని. ముందు పెన్సిలు వెనకవైపుతో టిక్కుమని ఒకసారి కొట్టేవాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. తర్వాత వీధి వెలుతురుకి ఎత్తిపట్టి దాని నెత్తి వంక చూసేవాడు.

"ఇదిగో, ఈ అద్దం సూడండి సావుకారూ," అనేవాడు. "ఇలగ ఎండిలా మెరుస్తన్నంతకాలం లోపల గాలి లేనట్టు. పిసరంత గాలి దూరిందనుకోండి, సున్నంలా తెల్లబడిపోద్ది. తెల్లబడినాక మరది వాల్వు కాదు, ఉత్త గాజుబుడ్డి."

ఆయన లెక్కలో లోకంలో ఉన్నవి రెండే జాతులు, పాత వాల్వులు, కొత్త వాల్వులు. కొత్తవి చైనావి. విశాఖపట్నం నుంచి కిరండూల్ పాసింజరులో ఎవరో ఒకరి చేత తెప్పించుకునేవాడు. తెల్ల అట్టపెట్టెలో పది వస్తాయి. పదింటినీ వరసగా పెట్టి ఒక్కొక్కదాన్నీ తిట్టుకుంటూ పరీక్ష చేసేవాడు. ఒకటి ఎర్రగా మండుతుంది, పక్కది మిణుకుమంటుంది. ఒకటి కొడితే గంటలా మోగుతుంది. ఒకదాని మీద నెంబరు బొటనవేలితో రుద్దితే చెరిగిపోతుంది. ఆయన యాంప్లిఫయరుకి సమంగా పనిచేసే వాల్వులు రెండు కావాలి. పదిలో రెండు కుదిరితే ఆ పూట పండగే.

"ఒక పెట్టిలోంచి వచ్చినవి, ఒక తల్లి పిల్లల్లా ఉండొద్దేటండి?" అని నన్ను నిలదీసేవాడు, ఆ వాల్వులు నేనే చేసినట్టు. "సూడండి, మీట నొక్కి పది లెక్కపెట్టేలోగా లెగిసిపోతాయి. అంత బేగి లెగిసేది పనిమంతురాలేటి? పాతది అలక్కాదు. నిమిషం పడతాది. నిదానంగా ఎరుపెక్కి, ఒళ్ళు ఇరుసుకుని, అప్పుడు పాడతాది."

"మరి పాటలో తేడా ఏమిటి మేష్టారూ?" అని అడిగితే దానికీ జవాబు ఉండేది. "కొత్తదాంట్లో పాట ఇనపడతాదండి. పాతదాంట్లో పాడిన మనిసి వచ్చి ఎదట నిలబడతాది."

అంత గొప్ప పాత వాల్వులు ఆయన దగ్గర నాలుగంటే నాలుగు ఉండేవి. పని నేర్పిన గురువు ఇచ్చినవట, అరవైల్లో తయారైనవట, ఒక్కసారీ వాడనివి. వాడనివయితే వాటి పాట ఈయనకెలా తెలుసు? అవే రకం వాల్వులు గురువు యాంప్లిఫయరులో ఉండగా ఒక్క సాయంత్రం విన్నాడట. అప్పుడు ఈయనకి ఇరవై ఏళ్ళు. ఎవరో ఒకావిడ పాడుతూ చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం వినపడిందట. అంటే రోజూ మాకు వినిపించే చైనా వాల్వుల్ని ఈయన పోల్చి తిట్టేది ఏనాటిదో ఆ ఒక్క సాయంత్రంతో. ఈ సంగతి నేను ఎత్తి చూపిస్తే మఫ్లరు మరింత బిగించుకునేవాడు.

ఆ నాలుగూ ఒక రేకు బిస్కెట్ల డబ్బాలో పై అరలో ఉండేవి. వాటిని చుట్టిన గుడ్డ నాదే. అది కూడా చెప్పాలి.

తొంభైల మొదట్లో, ఆయన కొట్టు పెట్టిన కొత్తలో, ఒకరోజు నా దగ్గరికొచ్చి, "సావుకారూ, మెత్తటి పాతగుడ్డ నాలుగు ముక్కలు ఇత్తారేటి? బాగా ఉతికీసినది కావాల. వాల్వులు సుట్టుకోడానికి," అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. బట్టల కొట్టుకొచ్చి పాతగుడ్డ అడగడమేమిటి? "నాది బట్టల కొట్టు మేష్టారూ, పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చే బండి కాదు," అన్నాను.

"కొత్తది పనికిరాదండి," అన్నాడు.

"మీకు కొత్తదేది పనికొచ్చింది గనక," అని, అప్పుడే విప్పిన తానులోంచి తెల్లటి మల్లు నాలుగు ముక్కలు చేతిరుమాళ్ళంత చింపి ఇచ్చాను. గంజితో పెళపెళలాడుతోంది. ఆయన వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏదో అనబోయి మానేశాడు. చేతిలో పెట్టినదాన్ని కాదనడం ఆయనకి మొహమాటం. నేను దానం చేసినవాడిలా మొహం పెట్టి కూచున్నాను.

అప్పటినుంచి ఆ డబ్బా తెరుచుకోలేదు. వాల్వుకి ఆయుష్షు గంటల్లో ఉంటుందట, ఏది పడితే అది వాయించి అరగదీయకూడదట. తగిన పాట రావాలి. ఎంతమంది అడిగారని! బొర్రా గుహలు చూడ్డానికి వచ్చిన విశాఖపట్నం పళ్ళ డాక్టరొకాయన, ఇంట్లో ఇలాంటి సామగ్రి పోగేసుకునే పిచ్చి ఉన్నవాడు, రెండు గంటలు ఆయన్ని బతిమాలాడు. "నేను పాతవీ కొత్తవీ మార్చి మార్చి పెడతాను. మీరు కళ్ళు మూసుకుని ఏది ఏదో చెప్పండి. నిజంగా తేడా ఉందో లేదో తేలిపోతుంది," అన్నాడు.

"కళ్ళు మూసుకుంటే నాకు నిద్దరొచ్చీద్దండి," అన్నాడు మేష్టారు. డాక్టరు మళ్ళీ రాలేదు.

అలా పదేళ్ళు గడిచాయి. పదేళ్ళూ ఆ డబ్బా మూత మీద వేళ్ళతో తాళం వేస్తూ, "తగ్గ పాట రావాలండి," అంటూ కూచున్నాడు. ఆ పాట ఒక శుక్రవారం సంతలో సుక్రి కొంగుముడిలో వచ్చింది.

సుక్రి కొండ మీది ఊరి మనిషి. మూడు గంటలు నడిచి రాజ్మా గింజలు, అల్లం అమ్ముకోడానికి వారం వారం దిగేది. అరవై దాటిన వయసు, నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు. ఆ రోజు మేష్టారు కొట్టు ముందు గంప దించి, కొంగుముడి విప్పి ఒక క్యాసెట్టు తీసింది.

"బాబూ, దీన్ని ఓపాలి ఏయవా? ఇందులో మా ముసిలోడు ఉన్నాడు," అంది.

ముసిలాడు అంటే ఆమె మొగుడు. థింసాలో మోరి, అంటే మా కొండల సన్నాయి, ఊదేవాడట. ఎప్పుడో పాటలు పట్టుకునేవాళ్ళు కొందరు ఊరికొచ్చి, రాత్రి పొయ్యి దగ్గర కూచుని అతను ఊదుతుంటే టేపులో పట్టి, తర్వాత ఒక క్యాసెట్టు పంపించారు. అది వచ్చేసరికి అతను జ్వరంతో పోయాడు. వాళ్ళ ఊళ్ళో దాన్ని వేసుకునే మిషను లేదు.

మేష్టారు వేశాడు. నేను పలకల సందులోంచి చూస్తున్నాను. సంత మంచి రద్దీలో ఉంది. కొట్టు తలుపులు బార్లా తీసి ఉన్నాయి, జీపుల హారన్లు, బేరాల గోల. ఆ గోల మీద వినపడాలని ఈయన శబ్దం పూర్తిగా పెంచాడు. సుక్రి నేల మీద గొంతుక్కూచుని, ఇటూ అటూ చూడకుండా చివరిదాకా వింది.

"ఆడే," అంది. "ఆడి ఊదుడే. గానీ సంతలో ఊదినట్టుంది. పొయ్యికాడ కూకుని ఊదినట్టు లేదు."

మేష్టారు గబగబా మఫ్లరు విప్పేశాడు. "ఇన్నారా సావుకారూ?" అని పలకల సందులోకి అరిచాడు. "పదేళ్ళనుంచి నాను మొత్తుకుంటన్నదేటి? ఒక్కరికి, ఒక్కరికి తెలిసింది." ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. వెంటనే డబ్బా దింపి ఆమె ముందు పెట్టాడు, మూత తియ్యకుండానే. "ఇందులో పాత వాల్వులున్నాయి. నీ ముసిలోణ్ణి వీటితో ఇనిపిత్తాను. మీ పొయ్యికాడ ఊదినట్టే ఇనపడతాది. వచ్చే వారం రా."

సుక్రి డబ్బాని తేరిపార చూసింది. "విత్తనాలేటి?" అంది.

కాదని చెప్పాడు. గాజువి అన్నాడు, కరెంటుతో వెలుగుతాయన్నాడు. ఆమె బుర్రలోంచి మాత్రం విత్తనాలు పోలేదు. ఉన్నవాటిలో మంచివి ఏరి, వాడకుండా చుట్టి, పై అరలో దాచుకునేది విత్తనాలు కాక ఇంకేమిటి?

"మేమూ సొరబుర్రలో పోసి పొయ్యి మీద కడతాం," అంది. "పొగ తగలాల. ఏడాది దాటితే మొలవదు. నువ్వెన్నేళ్ళు దాసేవు?"

"పదేళ్ళు," అన్నాడు మేష్టారు గొప్పగా.

సుక్రి జాలిగా ఆయన వంక చూసి గంప ఎత్తుకుంది. ఆమె మొహం చూసి నేను లోపల కడుపుబ్బ నవ్వుకున్నాను.

మరుసటి వారం ఆమె వచ్చింది. ఆ రోజు ముసురు, తేమలో వాల్వులు తియ్యకూడదన్నాడు. ఆ పై వారం ఓల్టేజీ తక్కువన్నాడు. ఆ పై వారం స్పీకరు కాగితం మెత్తబడిందన్నాడు. పోనీ మామూలు వాల్వులతోనే వేస్తాను వినమంటే ఆమె ఒప్పుకోలేదు. "మంచిది దాసేనన్నావు కదా. మరి సెడ్డదెందుకు ఇనాల?" అంది. ఆయన కోసం తెచ్చిన గుప్పెడు రాజ్మా గింజలు బల్ల మీద పోసి వెళ్ళిపోయేది. వానాకాలం పోయింది, వలిసెపూలు పూశాయి, పొలాలన్నీ పసుపుపచ్చగా అయ్యాయి. శుక్రవారం రావడం, "ఏసేవా?" అనడం, "వచ్చే వారం," అనడం. బల్ల మీద గింజలు సీసా నిండాయి.

ఒక శుక్రవారం ఆమె వెళ్ళాక ఇక నేను ఉండబట్టలేక ఆయన కొట్లోకి వెళ్ళాను.

"మేష్టారూ, మీరు చేస్తున్నది పాపం," అన్నాను. "మీరు ఆ మాట అనకముందు ఆమెకి ఉన్నదేదో ఉంది. మొగుడు సంతలో ఊదినట్టయినా వినపడ్డాడు. ఇప్పుడు అదీ లేదు. మీ పాత వాల్వుల పుణ్యమా అని ఉన్నది కూడా వినడం మానేసింది. నాలుగు నెలలైంది. రేపు ఆమె పోతే?"

ఆయన పెన్సిలుతో బల్ల మీద టిక్కు టిక్కుమని కొడుతున్నాడు.

"ముసురూ కాదు, ఓల్టేజీ కాదు. మీకు భయం," అన్నాను. "ఇన్నేళ్ళు పొగిడి తీరా వేశాక తేడా లేకపోతే ఏం చెయ్యాలోనని భయం."

పెన్సిలు ఆగింది. "నాకు ఇంకేటుంది సావుకారూ," అన్నాడు. "పెళ్ళాం, నాను, ఈ డబ్బా." తర్వాత నా వంక చూడకుండా, "వచ్చే శుక్రవారం. మీరూ రండి, తలుపులు మూసీడానికి," అన్నాడు.

ఆ మాటకి నేను కొంచెం తగ్గాను. ఆయన భయం నేననుకున్నంత చిన్నది కాదని అప్పుడు తెలిసింది.

ఆ శుక్రవారం సంత మంచి ఊపులో ఉండగా కొట్టు పలకతలుపులు నేనే మూశాను. లోపల చీకటి పడింది, గోల సగం తగ్గింది. సుక్రి ఎప్పటిలాగే నేల మీద కూచుంది. అడ్డపొగ చుట్ట బయట ఆర్పి చెవి వెనక పెట్టుకుంది. మేష్టారు మఫ్లరు విప్పి మడిచాడు. డబ్బా దింపి, ఆమెకి వీపు పెట్టి, మూత తీశాడు. నేను ఆయన భుజం పక్కనే టార్చిలైటు పట్టుకుని ఉన్నాను.

మొదటి మూట విప్పబోతే గుడ్డ రాలేదు. వాల్వు కాళ్ళకి అంటుకుపోయి ఉంది. మెల్లగా పీకితే చిలుమంతా పచ్చగా గుడ్డ మీదికొచ్చింది. పులిసిన గంజి వాసన వేసింది. టార్చి వెలుతుర్లో వాల్వు నెత్తి సున్నంలా తెల్లగా ఉంది.

రెండోది విప్పాడు, తెలుపు. మూడోది, అదీ తెలుపే. నాలుగోది మాత్రం ఎలా బతికిందో వెండిలా మెరుస్తోంది. కానీ ఆ యాంప్లిఫయరుకి రెండు కావాలి.

గంజి తేమని పీలుస్తుంది. అరకు తేమలో, రేకు డబ్బాలో, పదేళ్ళు ఆ తేమ కాళ్ళని తినేస్తే గాజు దగ్గర గాలి దూరదూ? ఈ సంగతి ఆ బజారు మొత్తంలో ఎవడికైనా తెలియాలంటే గుడ్డలమ్ముకునే నాకు తెలియాలి. గంజితోనే చెడ్డాయో, మరి దేనితోనో నేను రుజువు చెయ్యలేను. ఆయన అడిగింది మాత్రం ఉతికిన పాతగుడ్డ. నేనిచ్చింది గంజి దిగని కొత్తది, అదీ ఎగతాళి చేసి. టార్చి వెలుతురు గుడ్డ మీంచి గోడ మీదికి తిప్పేశాను. మేష్టారు ఆ వెలుతురు కదలడం చూశాడు. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

"ఏటి బాబూ, మొలిసేయా?" అంది వెనకనుంచి సుక్రి.

ఆయన నాలుగు గుడ్డముక్కల్నీ జేబులో కుక్కుకున్నాడు. యాంప్లిఫయరులో ఉన్న రెండు చైనా వాల్వుల్నీ పీకాడు. చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ ఆ రెంటినే వాటి స్థానాల్లో గుచ్చాడు.

"ఏసేను," అన్నాడు.

అంత అబద్ధం ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. మీట నొక్కాక పదిలోపు వాల్వులు లేచాయి. కానీ ఆయన నిమిషం ఆగాడు, పాతవాటికి ఆగినట్టు. తర్వాత శబ్దం బాగా తగ్గించి, బాగా అంటే పక్కనున్న మనిషితో మాట్లాడేంత తగ్గించి, క్యాసెట్టు వేశాడు.

చీకట్లో మోరి మొదలైంది. మధ్యలో ఎవరో దగ్గారు. పొయ్యిలో పుల్ల చిటపటలాడింది. ఒక దగ్గర ఊదడం ఆగి, ముసిలాడు గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినపడింది. ఆ ఊపిరికి సుక్రి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

పాట అయిపోయింది. "ఇదీ మావోడు," అంది సుక్రి. "ఇంత మంచిది పెట్టుకుని ఇన్నాళ్ళు దాసేవేటి బాబూ? మొలిసేయి." లేచి, తలుపు నేను తీసేదాకా ఆగకుండా తనే తోసుకుని, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మేష్టారు తెల్లబడ్డ వాల్వుల్ని ఒక్కొక్కటే డబ్బాలో పెట్టాడు. "ఏటి సావుకారూ, తేడా తెలిసిందా మీకు?" అన్నాడు.

"తెలిసింది మేష్టారూ," అన్నాను. మాటవరసకి అనలేదు. తలుపు మూసినందుకో, శబ్దం తగ్గించినందుకో, ఎవరూ మాట్లాడనందుకో, నిజంగానే తెలిసింది. అన్నేళ్ళూ ఆ కొట్టు తలుపు మూసి మేమెవరమూ ఒక్క పాట వినలేదు.

"నాకూ తెలిసిందండి," అన్నాడాయన. "అదే బాద."

అప్పుడే చెప్పి ఉండాల్సింది, మేష్టారూ, ఆ గుడ్డ నాది, తప్పు నాది అని. నోటిదాకా వచ్చింది. కొట్లో ఎవరో పిలుస్తున్నారని చెప్పి వచ్చేశాను. ఎవరూ పిలవలేదు.

ఆ తర్వాత ఆయన పాతా కొత్తా మాట ఎత్తలేదు. ఎవరన్నా కావాలని కదిపితే, "అన్నీ గాజేనండి," అనేవాడు. నేను పలక మీద బాదడం మానేశాను. ఆయన చైనా పెట్టె విప్పి తిట్టకుండా వాల్వులు ఏరుకోవడం సందులోంచి చూస్తే నాకు అన్నం సహించేది కాదు. ప్రతి శుక్రవారం సంత మధ్యలో అరగంట మాత్రం ఆ కొట్టు మూసేసేవాడు. బయట జనం తలుపు తట్టేవారు, తిట్టేవారు. లోపల సుక్రి, మేష్టారు, ముసిలాడు. సుక్రి రావడం మానేసేదాకా, అంటే మరో నాలుగైదేళ్ళు, అది ఒక్క వారం తప్పలేదు.

ఆమె రాని రెండో చలికాలంలో ఆయన ఆయాసం ముదిరి పోయాడు. నెలయ్యాక వాళ్ళావిడ కొట్టు ఖాళీ చేయిస్తూ నా దగ్గరికొచ్చింది, చేతిలో ఆ రేకు డబ్బా.

"ఇది మీదట. మీకిచ్చీమన్నారు," అంది.

"నాదేమిటమ్మా? ఆయన వాల్వులు కదా," అన్నాను.

"ఏమో బాబూ. సావుకారుకిచ్చీ, ఆయన గుడ్డలు ఆయనకి ఎల్లిపోవాల అన్నారు. ఆ గుడ్డల పిచ్చేటో, ప్రతి ఆదివారం నూతికాడ కూకుని ఆయనే ఉతుక్కునీవోరు. నన్ను ముట్టుకోనిచ్చీవోరు కాదు."

ఆవిడ వెళ్ళాక మూత తీశాను. తెల్లబడ్డవి మూడూ లేవు. వెండి మెరుపున్న వాల్వు ఒక్కటి ఉంది. దానికింద నాలుగు మల్లు ముక్కలు చతురస్రంగా మడిచి ఉన్నాయి. పచ్చటి మరకలు ఉతికి ఉతికి కనపడీ కనపడనట్టయ్యాయి. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, నేను ఇచ్చిన రోజున ఆయన పెట్టుకున్నట్టే. గంజి వాసన లేదు. ఎండ వాసన వేసింది. వేళ్ళ మధ్య నలిపితే గుడ్డ ఉందో లేదో తెలియనంత మెత్తగా ఉంది.

ఆయనకి అంతా తెలుసు. తెలిసి, ఒక్కనాడు కూడా నన్నొక్క మాట అనలేదు. ఆయన అడిగిన పాతగుడ్డని ఆయనే తయారుచేసి నాకు తిరిగి పంపించాడు.

కాఫీ హోటలాయన నాకు మొన్న కబురు పెట్టాడు. మీ బజార్లో ఎవరి దగ్గరో పాత వాల్వు ఉందట కదా, షోకేసులో పెడతాను, ఇస్తారా అని. లేదని చెప్పించాను. నిజానికి అది నా గల్లాపెట్టె పక్కన, ఆ నాలుగు గుడ్డల్లో చుట్టి ఉంది. నెలకోసారి విప్పి, వీధి వెలుతురుకి ఎత్తి చూస్తాను. ఇంకా తెల్లబడలేదు. ఆ వారం ఎండ కాస్తే గుడ్డలు ఉతికి ఆరేస్తాను.